కోడి తురాయికి ఎర్రమందు

ఈ సంగతి ఈ పేజీకి ఇదివరకే రాశాను. కోడి గొడవే కదా అని పక్కన పడేశారో ఏమో, జవాబైనా రాలేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను.

తొంభైల చివర్లో హఫీజ్‌పేట్‌లో ఉండేవాళ్లం. మా పెరట్లో నాలుగైదు కోళ్లుండేవి. పక్కన కొత్తగా కడుతున్న భవనం ముళ్లకంచెలోంచి దూరబోతుంటే మా నల్లపెట్ట నెత్తిమీది తురాయి చీరుకుపోయింది. నెత్తురు ఆగలేదు.

ఎదురింటి యాదగిరి గోడ మీంచి తొంగిచూశాడు. "ఏంది సార్, కోడికి గూడ దవాఖానా? జర మసాలా నూరుకో, దాని పరేషాన్ తీరుతది. గది బతికి గుడ్డు పెడితే నేనే వచ్చి నీకు సలాం కొడ్త" అన్నాడు.

ఆ మాట గుచ్చుకుంది. పిల్లల మోకాళ్లకు రాసే ఎర్రమందు తెచ్చి గాయానికి బాగా పట్టించి వదిలాను. మిగతా కోళ్లు ఆ ఎరుపును నెత్తురనుకుని మీదపడి పొడిచాయి. విడిపించేసరికి పెట్ట మెడ వాల్చేసింది. చచ్చిందనుకున్నాను.

"ఎరుపు కనబడితే ఊరుకుంటాయా అండీ? ముందది కడగండి" అని మా ఆవిడ గాయానికి పసుపు అద్ది, పెట్టను విడిగా గంప కింద ఉంచింది. నేను చుక్కచుక్కగా నీళ్లు పట్టాను. తెల్లారేసరికి అది గింజల కోసం గోల మొదలుపెట్టింది.

తురాయి వంకరగా మానింది. కొన్నాళ్లకు గుడ్డు పెట్టింది. పట్టుకెళ్లి చూపిస్తే యాదగిరి నవ్వి తలుపేసుకున్నాడు. మెడ వాల్చిన ప్రాణం కూడా లేస్తుందని నాకు ఆ పెట్టే నేర్పింది.

యాదగిరి గారూ, ఆ సలాం ఎప్పుడు కొడతారో ఇప్పటికైనా చెప్పండి.