కాళ్లబండికి కల్లుకుండ

నాకు సంతకం ఒక్కటే వచ్చు, అదీ మా మిషను బడి పంతులమ్మ నేర్పిందే. ఈ కాగితం మీద అక్షరాలన్నీ ఆవిడవి, మాటలు నావి. నా గొంతు బొంగురు, గట్టిది కూడా. ఆవిడ వాకిట్లో కూర్చుని రాసుకుంటోంది, నేను పొయ్యి దగ్గర కూర్చుని చెబుతున్నాను.

మా ఊరు పలాసకూ టెక్కలికీ తూర్పున, సముద్రం హోరు వినిపించే ఇసకనేల మీద ఉంది. అప్పటికి రైలు వచ్చింది గాని మోటారు రాలేదు. ఏది కదలాలన్నా ఎద్దుబండి, బండి కదలాలంటే కల్లు. మా వైపు బండివాళ్లకు ఒక నమ్మకం ఉండేది. ఎద్దు తాగదు కాబట్టి తోలేవాడు తాగినా ఫరవాలేదని. పగ్గాలు వదిలేసి పడుకుంటే ఎడ్లే ఇంటికి చేరుస్తాయట. చేరుస్తాయి, అబద్ధం కాదు. దారిలో ఎదురొచ్చే మనుషుల సంగతే వాటికి ఎవరూ చెప్పలేదు.

మా ఆయన పలాస సంతలో కొబ్బరికాయలు అమ్ముకుని తన స్నేహితుడి బండిలో వస్తున్నాడు. పెళ్లయ్యాక ఆయన తాగకుండా సంత నుంచి వచ్చిన రోజు అదొక్కటే, కడుపునొప్పి వచ్చి మానుకున్నాడు. ఆయన వంతు కూడా స్నేహితుడే తాగాడు. వాగు దాటడానికి గెడ్డ గట్టు దిగేచోట బండి బోల్తా పడింది. తోలినవాడు ఇసకలో దొర్లి, లేచి, పంచె దులుపుకున్నాడు. మా ఆయన చక్రం కింద ఉన్నాడు. నన్ను ఓదార్చడానికి వచ్చిన ఊరి పెద్ద, నాకు మామ వరస, చాలాసేపు ఆలోచించి ఒక మాట అన్నాడు. తాగి ఉంటే బతికేవాడే, తాగినవాడు మెత్తగా పడతాడు, అని.

తప్పు చేసినవాడు పెద్దలకు తప్పు, అంటే జరిమానా, కట్టాలి, అది మా ఆనవాయితీ. గట్టు నరికినా, పెళ్లాన్ని కొట్టినా, మనిషిని తొక్కినా కట్టేది కల్లే. తప్పు పెద్దదైతే కుండ పెద్దది. అలా నా మొగుడి చావుకు ఊళ్లో మగాళ్లందరూ తాగారు. తోలినవాడు మాత్రం ముంత ముట్టుకోలేదని తర్వాత ఎవరో చెప్పారు. నేను నమ్మలేదు. ఆ రోజు నుంచి ఆ మనిషితో నాకు మాటల్లేవు.

రెండేళ్లకు మా వీధిలో ఉప్పు అమ్ముకునే ఆడమనిషి పాదం మీదికి ఇంకొక తాగుబోతు బండి ఎక్కించాడు. దానికి వెనకా ముందూ ఎవరూ లేరు. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగితేనే దానికి గంజి. మంచానికి కట్టి నలుగురు టెక్కలి మిషను ఆస్పత్రికి మోసుకెళ్లారు. అక్కడి డాక్టరు దొరసాని చీము తీసి కట్టు కట్టి, ఎనిమిది రోజులకొకసారి తీసుకురావాలి, చీము పైకి పాకితే మోకాలి దగ్గర కోసెయ్యాలి అంది. మోసినవాళ్లు తిరిగొచ్చి, భుజాలు చూపించి, ఇంకోసారి మా వల్ల కాదన్నారు.

ఇక్కడ పెద్దలు కొబ్బరితోటలో కూర్చున్నారు. తప్పు కట్టించారు. కల్లుకుండ వచ్చింది. నేను వెళ్లి ఆ కుండను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టేసి కూర్చున్నాను.

"దాని కాలి మీద సెక్రం ఎక్కితే నీ గొంతెందుకు తడవాల మావా?" అన్నాను.

పెద్దాయన ఆనవాయితీ అన్నాడు. మీ అత్త కూడా అడగలేదన్నాడు. ఆడదానికి సభలో ఏం పని అన్నాడు. నేను లేవలేదు. ఎండ నెత్తికెక్కింది. ఎండలో కల్లు గంటగంటకీ పులుస్తుంది. అది మాట్లాడుతున్న పెద్దలకూ తెలుసు, వింటున్న నాకూ తెలుసు.

"మరేటి సెయ్యమంతావే?" అన్నాడు చివరికి.

"తొక్కినోడి బండీ, ఎడ్లూ దాని కాలు మానేదాకా మాకొగ్గీమను. ఇక ముందర బండి కింద పడినోళ్లందరికీ ఇదే తప్పు."

ఒప్పుకున్నాడు. న్యాయమని కాదు, దాహం వేసి. సంఘం అలా పుట్టింది. ఎడ్ల మేతకు కొబ్బరి దింపిన ప్రతిసారీ ఇంటికో కాయ ఇస్తామని ఆడవాళ్లందరూ అన్నారు. పంతులమ్మ దానికి మత్తు శకట బాధిత సహాయ సంఘం అని పేరు పెట్టింది. ఇప్పుడు కూడా ఆవిడే రాసింది, నాకు నోరు తిరగదు. ఊళ్లో కాళ్లబండి అన్నారు, అదే నిలిచింది.

బండి దొరికింది, తాగనివాడు దొరకాలి. వీధి వీధీ అడిగాను. ఒకడు సారా మానేశానన్నాడు, కల్లు పాలతో సమానమన్నాడు. ఇంకొకడు పొద్దున పూట ముట్టనన్నాడు. టెక్కలి వెళ్లేది పొద్దున్నే కదా, వచ్చేటప్పటి సంగతి వచ్చేటప్పుడు చూసుకుందామన్నాడు. మూడోవాడు, తాగకుండా తోలితే నిద్ర రాదు, నిద్ర లేకపోతే దారి ఎలా జరుగుతుంది అని నన్నే అడిగాడు. ఎనిమిది రోజులు దగ్గరికొచ్చేశాయి.

అప్పుడు ఒక పొద్దున్న మొగలి కంచె అవతల ఆ మనిషి నిలబడి ఉన్నాడు, మా ఆయన ఎక్కిన బండి తోలినవాడు.

"వొదినా, నాను తోల్తాను."

నేను మా వాకిట్లో పడుకున్న ఉప్పు మనిషి వైపు తిరిగి, తాగడేమో అడుగు అన్నాను. అది మంచం మీంచి, తాగవా అని అడుగుతోంది అప్ప, అని అరిచింది.

"ఆ గెడ్డ కాడ నుంచీ నోట్లోన పోసుకోనేదు."

"పోసుకోనేదంట అప్పా."

నాకేం చెవుడు లేదన్నాను. వాసన చూడమన్నాను. నేను చూడటానికి లేదు, నశ్యం పీల్చి పీల్చి నా ముక్కు చచ్చిపోయి చాలా కాలమైంది. మొగలిపువ్వు, ఎండుచేప నాకు ఒకటే. అందుకని ఉప్పు మనిషి ముక్కే సంఘం ముక్కు. అతను కంచె దాటి వచ్చి మంచం దగ్గర వంగి నోరు తెరిచాడు. అది ఎంతసేపో పీల్చి, వట్టి ఆకువక్కే అంది. వేరే దారి లేక సరే అన్నాను. సరే అన్నది కూడా దానితోనే.

మర్నాడు తొలికోడికి దాన్ని బండిలో గడ్డి మీద పడుకోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. అతను బండి ముందు తొట్టిలో కూర్చుని హెయ్ అన్నాడు. ఎడ్లు కదల్లేదు. తోక మెలిపెట్టాడు, బుజ్జగించాడు, దిగి ముందుకు లాగాడు. రాతి ఎడ్లు నయం. ఈ లోపల వాటి యజమాని ఎక్కడి నుంచో తూలుతూ వచ్చి, ఏటి నా బిడ్డల్ని కొడతన్నావు అని వాటి మెడల మీద పడి ఏడ్చాడు. ఎడ్లు వాడి ఊపిరి పీల్చి, చెవులు నిక్కించి, ఎవరూ తోలకుండానే బయల్దేరాయి.

పుట్టిన దగ్గర నుంచీ కల్లు వాసన తగిలాకే కాడి ఎత్తిన ఎడ్లు అవి. తాగనివాడు వాటికి బండివాడే కాదు, ఎవడో దొంగ. దానికి ఒకటే ఉపాయం కనిపించింది. కాడికి ఒక చిన్న కల్లుకుండ కట్టాము. తాగి తోలినవాళ్ల దెబ్బకు పడినవాళ్ల కోసం పెట్టిన సంఘం వారం వారం కల్లు పోయించుకోవలసి వచ్చింది.

"అప్పుడు ఒళ్లోన ఎట్టుకున్నావు, ఇప్పుడు కాడికి కట్టుకున్నావు. నాకే పోత్తే ఏటయ్యేది?" అన్నాడు పెద్దాయన. నేను నశ్యం పీల్చాను.

కుండ కట్టాక ఎడ్లు నడిచాయి గాని, దారిలో ప్రతి కల్లుపాక దగ్గరా ఆగేవి. యజమాని ఒక్కొక్క పాకలో ఎంతసేపు కూర్చునేవాడో అంతసేపూ నిలబడేవి, ఆ తర్వాత వాటంతట అవే కదిలేవి. అతను పాక వైపు వీపు పెట్టి వక్క నములుతూ కూర్చునేవాడు. ముక్కు కింద కుండ, వెనక పాక. నేను ఆ వీపునే చూస్తూ కూర్చునేదాన్ని. ఈ పాకలో కాకపోతే ఆ పాకలో దిగుతాడనుకునేదాన్ని.

తర్వాత ఆ బండి చాలామందిని మోసింది. అవన్నీ చెబితే పంతులమ్మ చెయ్యి పడిపోతుంది. కానీ అది నిలిచే బండో కాదో మొదటి కాలుతోనే తేలింది. అది చెబుతాను.

నాలుగోసారి కట్టు విప్పినప్పుడు దొరసాని ముఖం చిట్లించింది. పుండు ఇంకా పచ్చిగానే ఉంది. మళ్లీ వచ్చేసరికి ఎండకపోతే కోయక తప్పదంది. ఈసారి మాత్రం మధ్యాహ్నం లోపల రండి, ఆ తర్వాత నేను చిన్న రైలెక్కి పర్లాకిమిడి వెళ్లిపోతాను, పది రోజులు ఉండను అంది. ఆ పది రోజులూ కట్టు మార్చకపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పక్కర్లేకపోయింది. ఉప్పు మనిషి తిరుగుదారంతా రెండు చేతులతో మోకాలు పట్టుకుని కూర్చుంది.

ఆ రోజు ఇంకా ముందే బయల్దేరాము. అన్ని పాకలూ దాటాము. టెక్కలి పొలిమేరలో ఆఖరి పాక. ఎడ్లు ఆగాయి. ఎప్పుడూ ఆగేంతసేపు ఆగాయి, ఇంకా ఆగాయి. అతను అదిలించాడు, కుండ తీసి వాటి ముట్టెల దగ్గర పెట్టాడు. కదల్లేదు. నీడలు బండి కిందికి వచ్చేస్తున్నాయి.

అతను దిగాడు. మా వైపు చూడకుండా తిన్నగా పాకలోకి వెళ్లిపోయాడు.

"అప్పా, నా కాలెలిపోనాది," అంది ఉప్పు మనిషి.

ముల్లుకర్ర తీసుకుని బండి దిగాను. అంతలో అతనే బయటికి వచ్చాడు. తువ్వాలు తడిసి కారుతోంది, కాళ్లు అడ్డదిడ్డంగా పడుతున్నాయి, మీసం తుడుచుకుంటూ గొంతెత్తి పాడుతున్నాడు. సంత నుంచి వస్తూ మా ఆయనా అతనూ కలిసి పాడే పాట అది. రెండేళ్లుగా నా చెవిన పడలేదు. వీపు మీద కర్రతో ఒకటి వేశాను. రెండు, మూడు. అతను పాట ఆపలేదు, ఎద్దు మెడ మీద పడి, తూలి, తొట్టిలోకి ఎగబాకాడు. ఎడ్లు తలలెత్తి కదిలిపోయాయి. నేను పరుగెత్తి వెనక పట్టుకుని ఎక్కవలసి వచ్చింది.

ఎడ్లు టెక్కలి దారిలో పడ్డాక పాట ఆపి, వెనక్కి తిరగకుండా అన్నాడు.

"నోరు వాసన సూడమను."

ఉప్పు మనిషి కట్టుకాలు ఈడ్చుకుంటూ ముందుకు జరిగి, అతని గడ్డం పట్టుకుని తిప్పి, ముక్కు దగ్గర పెట్టి పీల్చింది.

"ఆకువక్కే అప్పా. తువ్వాలు తాగినాది గాని మనిసి తాగనేదు."

ఆ పాకలో ఎడ్ల యజమాని చివరి ముంత తాగి పాడుకుంటూ, తూలుతూ వచ్చేవాడట. ఆ పాట విని, ఆ తూలు చూస్తేనే అక్కడి నుంచి కదలడం వాటికి అలవాటు. అంతకుముందు నాలుగుసార్లూ లోపల వేరే తాగుబోతులెవరో పాడుతుంటే ఎడ్లు మోసపోయాయి, ఈ రోజు పాక ఖాళీ. ఇదంతా అతను ఉప్పు మనిషికి చెబుతున్నాడు. ముందే చెబితే మీ అప్ప పాకలోకి వెళ్లనిస్తుందా అన్నాడు.

నేను ముల్లుకర్ర కింద పెట్టాను. అలవాటు కొద్దీ ఉప్పు మనిషితో, అడుగు, అని మొదలుపెట్టాను. ఏం అడగమంటావు అంది. అతని వీపు వైపు తిరిగి నేనే అడిగాను.

"దెబ్బ గట్టిగా తగిలినాదేటి?"

అతను తువ్వాలు పిండుకున్నాడు.

"మెత్తగానే తగిలినాది వొదినా."

"మాటలు తరవాత," అంది ఉప్పు మనిషి. "పాటెత్తండి, ఎడ్లు నిలబడిపోతన్నాయి."

మిషను ఆస్పత్రి గేటులోకి మేం ముగ్గురం పాడుకుంటూ వెళ్లాము. అందరికంటే గట్టిగా వినిపించింది నా బొంగురు గొంతేనట. దొరసాని ప్రయాణపు టోపీ పెట్టుకుని వరండా మెట్ల మీద నిలబడి ఉంది. కుండను చూసింది, తువ్వాలును చూసింది, మా ముఖాలు చూసింది. ఎవరు తాగారంది. ఉప్పు మనిషి ఎడ్లను చూపించింది. ఆవిడ టోపీ తీసి పక్కన పెట్టి కట్టు విప్పింది. పుండు అంచులు ఎండాయి. కాలు ఉంటుందంది.

తిరుగు ప్రయాణంలో నేను అతనితో దారి పొడవునా మాట్లాడాను. మాట్లాడటమంటే, తిట్టడమే ఎక్కువ. రెండేళ్లవి నిలవున్నాయి. అతను ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు. కల్లుపాకలు వచ్చినప్పుడు మాత్రం, అతను పాడాలి కాబట్టి, నేను ఆగేదాన్ని.