మంగళవారం ఆట

రస్ హోర్న్యాక్ మనసులో రోజులన్నీ కలగాపులగమైపోయాక కూడా శనివారం ఒక్కటి చెక్కుచెదరకుండా మిగిలింది. కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ముందు వరుసలో నిలబడి, ఎదుటివాడిని తలతో ఢీకొట్టిన రోజుల ఫలితమిదంతా అయ్యుండవచ్చునన్నాడు డాక్టరు. భార్య మార్లీన్ పేరు కూడా ఒక్కోసారి అతనికి తట్టేది కాదు. కాని శనివారం పొద్దున ఆమె అతని నారింజరంగు జట్టు కోటు తీసి కుర్చీమీద వేస్తే చాలు, తనే లేచి బూట్లు వేసుకునేవాడు.

"డ్వైట్ వచ్చాడా? పొయ్యి వెలిగించాడా?"

డ్వైట్ ఒకప్పుడు మైదానంలో అతని పక్కన ఆడినవాడు. ఆట ఉన్న ప్రతి శనివారం పాత జట్టువాళ్లంతా స్టేడియం వెనక ఖాళీ స్థలంలో బళ్లు నిలిపి, సాసేజ్‌లు కాల్చుకుంటూ, బీరు తాగుతూ మధ్యాహ్నం దాకా గడిపేవారు. బడి వంటశాలలో పనిచేసే మార్లీన్ పెద్ద గిన్నె నిండా మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు వండుకొచ్చేది.

"ఒరేయ్ రస్, నా వాటా కూడా మింగేశావురా!" అనేవాడు డ్వైట్.

"నీ మొహం! నువ్వు లొట్టలేసుకుంటూ తింటుంటే నేను చూళ్లేదూ?"

ఏళ్ల తరబడి అవే మాటలు. వాటికి జ్ఞాపకశక్తితో పనిలేదు. దూరంగా బ్యాండు డప్పులు మొదలయ్యేసరికి రస్ వీపు నిటారుగా నిలిచేది.

ఆపైన టీవీ వచ్చిపడింది. శనివారాలు పెద్ద కాలేజీల సొత్తు. ఆ రోజున ఒహాయోలో ఓ మూలనున్న ఈ చిన్న కాలేజీ ఆట ఎవడు చూస్తాడు? అందుకని లీగ్ పెద్దలు నవంబరు ఆటలన్నిటినీ మంగళ, బుధవారాల రాత్రులకు మార్చి టీవీవాళ్లకు అమ్ముకున్నారు. ఇక దేశమంతా మనల్నే చూస్తుందని ఊళ్లో సంబరపడ్డారు. దేశం మాట దేవుడెరుగు, చూడాల్సినవాళ్లే రాలేకపోయారు.

"ఏం చెయ్యమంటావ్ మార్లీన్?" అన్నాడు డ్వైట్ ఫోన్లో. "ఆట అయ్యి, మంచులో అంతదూరం కారు తోలుకుంటూ ఇల్లు చేరేసరికి ఫ్యాక్టరీలో షిఫ్టు టైమవుతుంది. టీవీలో చూస్తాంలే."

మొదటి మంగళవారం సన్నగా మంచు రాలుతోంది. "శనివారమేగా?" అన్నాడు రస్ కారెక్కుతూ. ఔనంది మార్లీన్. ఆ అబద్ధం చెప్పకపోతే అతను దిగిపోయేవాడు.

బళ్లు నిలిపే చోట పొగ లేదు, మనిషి లేడు. స్టేడియం లోపల బెంచీల మీద మంచు పేరుకుని ఉంది. ఇద్దరూ ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నారు. కాసేపటికి రస్ లేచి నిలబడ్డాడు.

"డ్వైట్! ఎక్కడ చచ్చార్రా అందరూ?"

"కూర్చో రస్."

అతను ఆమె వైపు తిరిగాడు. "అందరూ పోయారా మార్లీన్? నాతో ఒక్కమాటైనా చెప్పలేదేం?"

"ఎవరూ పోలేదు. పనులున్నాయి వాళ్లకి."

"శనివారం పూట పనులేంటి?"

అతను చేతులు ఊపుతూ, ఖాళీ బెంచీల మీదుగా పిలుస్తూనే ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. డ్వైట్ నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "మార్లీన్! మనవాడు టీవీలో పడ్డాడు! స్టేడియమంతా ఖాళీ, వీడొక్కడే చేతులూపుతూ ఒకటే కేకలు! ఆ వ్యాఖ్యాతలు ఏమన్నారో తెలుసా? అభిమాని అంటే ఇలా ఉండాలన్నారు!"

"ఏమని అరిచాడో వినబడిందా?"

"ఆ డప్పుల మోతలో ఏం వినబడుతుంది?"

"నీ పేరు, డ్వైట్."

డ్వైట్ నవ్వు ఆగిపోయింది. "వచ్చే శనివారం వస్తాం. ఆట లేకపోతే మానె. అందర్నీ లాక్కొస్తా" అన్నాడు.

మార్లీన్ ముందురోజే క్యాబేజీ చుట్టలు వండింది. శనివారం పొద్దున కోటు చూడగానే రస్ బూట్లు వెతుక్కున్నాడు. దారిపొడుగునా ఆమెకు గుండెలో చిన్న ఆశ.

డ్వైట్ ఒక్కడే వచ్చాడు. ఒకరి ఇంట్లో పెళ్లి, ఒకరి మనవడికి జ్వరం, మిగిలినవాళ్లు సంజాయిషీ కూడా ఇవ్వలేదు. ఖాళీ స్థలంలో గాలి ఈలలేస్తోంది. డప్పుల్లేవు, జనం లేరు. డ్వైట్ పొయ్యి వెలిగించి, ఎప్పట్లాగే గొంతెత్తాడు.

"ఒరేయ్ రస్, ఇవాళైనా నా వాటా నాకు మిగులుస్తావురా?"

రస్ అతన్ని ఎగాదిగా చూసి మర్యాదగా నవ్వాడు. "ఏమనుకోకండి, ఇది మావాళ్ల చోటండీ. మా డ్వైట్ వచ్చేస్తుంటాడు. కనబడితే ఇక్కడున్నామని చెబుతారా?"

డ్వైట్ పొయ్యి మీదికి వంగాడు.

"చెబుతానండీ" అన్నాడు.

ఆ చలికాలంలోనే రస్ శనివారం కూడా చెరిగిపోయింది. కోటు చూపించినా లేచేవాడు కాదు. ఎండలు ముదరకముందే మార్లీన్ అతన్ని సంరక్షణ గృహంలో చేర్చింది. ఇంట్లో ఒంటరిగా ఎత్తి దించే శక్తి ఆమెకు లేకపోయింది.

మళ్లీ నవంబరు వచ్చింది. మంగళవారం బడి వదలగానే మార్లీన్ అక్కడికి వెళ్లి హాల్లో టీవీ ఎదురుగా అతని కుర్చీ తిప్పింది. ఆట ఇంకా మొదలవలేదు.

"ఆటదాకా ఉంచడం కుదరదమ్మా," అంది నర్సు నొచ్చుకుంటూ. "భోజనం కాగానే మందులిచ్చి అందర్నీ పడుకోబెట్టేయాలి."

మార్లీన్ అతని కుర్చీని గదికి తోసుకెళ్లింది. పడుకోబెట్టి, దుప్పటి గడ్డందాకా లాగి, చెయ్యి పట్టుకుని కూర్చుంది. హాల్లో ఎవరో టీవీ కట్టేశారు. జట్టు మైదానంలోకి రాకముందే రస్ నిద్రపోయాడు.