ఖాదరన్న తెరిచిన ఫైలు

నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి. మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. మా పాప తల మీద చెయ్యేసి చెప్తున్నా... ఇది జరిగింది. నాకే జరిగింది. ఆ రోజు నేను తాగలేదు, నిద్రమత్తులో లేను. ఉత్త భయపడిన కథే అయితే ఎప్పుడో చెప్పేసేవాణ్ణి. ఇందులో నా సిగ్గు కూడా ఉంది. అందుకే ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు.

నా పని మీకు తెలిసిందే. ముత్తుకూరు దగ్గర బొగ్గు మోసే బెల్టులు బాగుచేసే ఓ కాంట్రాక్టరు దగ్గర ఫైళ్ళు చూసుకోవడం. మా దగ్గర కాయితం పుస్తకాలు తీసేసి చాలా రోజులైంది. షిఫ్టు నోటు అని ఒకే ఒక్క ఫైలు ఉంటుంది, సర్వర్లో. బెల్టుల దగ్గరున్న సూపర్‌వైజర్లూ, షెడ్డులో నేనూ, చెన్నై ఆఫీసు వాళ్ళూ... అందరం ఎక్కడివాళ్ళం అక్కణ్ణించే అందులో రాస్తాం. అయితే ఒకరు తెరిచి రాస్తుంటే దానికి తాళం పడుతుంది. మిగతావాళ్ళు చదవాలంతే, ముట్టుకోకూడదు. తెరిచినాయన టీకి పోయాడనుకోండి... ఇక ఫోన్ల మీద ఫోన్లు. "ఫైలు వదలన్నా సామీ!" అని.

ఆ తాళం బలవంతంగా తీసే అధికారం నాకొక్కడికే ఉంది. మహా గర్వంగా ఉండేది లెండి.

ఖాదర్ బాషా అని కావలి ఊరాయన, రెండో బెల్టు సూపర్‌వైజరు. మేమంతా ఖాదరన్న అనేవాళ్ళం. యాభై దాటినాయన. బెల్టు చప్పుడు విని ఏ రోలరు అరిగిందో చెప్పేవాడు. కంప్యూటర్ దగ్గర మాత్రం చిన్నపిల్లాడే. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు. టక్... టక్... అలా. రెండు లైన్లు రాయడానికి పావుగంట. ఆయన ఫైలు తెరిచాడంటే మాకందరికీ నీరసం వచ్చేసేది.

ఒకరోజు తెల్లవారి ఆరు కావస్తోంది. షిఫ్టు ముగిసే టైము. ఫైలు మూసి పంపితేగానీ నేను కదలకూడదు. ఆరూ పదికి బస్సు. చూస్తే... ఖాదరన్న పేరు మీద తాళం. బెల్టు పక్కన ఆఫీసుగా పెట్టిన కంటైనర్లో కూర్చుని కొడుతున్నాడు. ఫోన్ చేశాను.

"అయిపోవొచ్చిందబ్బయ్యా, ఒక్క లైను," అన్నాడు.

రెండు నిమిషాలు చూశాను. బస్సు హారన్ కొట్టింది. తాళం తీసేసి, నా దగ్గరున్న కాపీని దాని మీద ఎక్కించేశాను.

అలా చేస్తే అవతలాయన స్క్రీను మీద ఓ హెచ్చరిక వస్తుంది... మీ రాత ఎక్కలేదు, వేరే కాపీగా పక్కన పెట్టమంటారా అని. ఖాదరన్న అవేవీ చదవడు. ఓకే నొక్కుతాడు. నొక్కాడు. ఆయన కాపీ పక్క ఫోల్డర్లో పడింది. నేను చూశాను కూడా. తెరిచి చదివాను.

"రెండో బెల్టు కింద గార్డు ఊడింది. బిగించేదాకా నడపొద్దు."

గార్డంటే రోలర్లలో చేతులు పడకుండా అడ్డంగా బిగించే ఇనప జాలీ. చదివాను... సాయంత్రం వచ్చి కలుపుదాంలే అనుకున్నాను. బస్సెక్కి నిద్రపోయాను.

పది గంటలకల్లా పెంచలయ్య అనే కూలీ చెయ్యి రోలర్లో పడింది. రెండు వేళ్ళు పోయాయి.

సాయంత్రం డ్యూటీకి వచ్చి నేను చేసిన మొదటి పనేంటో తెలుసా? ఆ పక్క కాపీని చెరిపేశాను. జాడ కూడా లేకుండా.

విచారణలో ఖాదరన్న ఒకటే మాట. "నేను రాసినాను సార్. ఈ వేలితోనే రాసినాను." పెద్దసారు నా వైపు తిరిగాడు. పాత కాపీల్లో ఎక్కడైనా ఉందా అన్నాడు. మా సర్వరు ఎవరు ఎప్పుడు రాసినా ఆ కాపీని పేరుతో, టైముతో దాచిపెడుతుంది. అందుకే దాని మాటే ఆఖరు మాట. నేను అందరి ముందూ వెతికినట్టు నటించి... "లేదు సార్," అన్నాను.

ఖాదరన్నని తీసేశారు. గేటు దగ్గర నన్ను పట్టుకుని ఏడవలేదు, తిట్టలేదు. "కంప్యూటరుకి నా మీద పగేముంటాది గానీ... నేనే రాసినాననుకొని మర్చిపోయినట్టుండాను అబ్బయ్యా. ఆ బిడ్డ వేళ్ళు నా వల్లనే పోయినాయి," అన్నాడు. ఆ మాటకైనా నేను నిజం చెప్పి ఉండాల్సింది. తల దించుకుని నిలబడ్డాను. తర్వాత లోపలికి పోయి సర్వర్లోంచి ఆయన పేరు తీసేశాను. అది కూడా నా పనే మరి.

ఇప్పుడు అసలు సంగతి.

నాలుగు నెలలు గడిచాయి. ముసురు పట్టిన రాత్రి. సముద్రం వైపు నించి ఒకటే ఈదురు. షెడ్డులో నేనొక్కణ్ణే. రేకుల మీద వాన. రెండూ నలభై అయింది. షిఫ్టు నోటు తెరిచాను.

తెరుచుకోలేదు.

"ఈ ఫైలులో ఖాదర్ బాషా రాస్తున్నారు. మీరు చదవడానికి మాత్రమే వీలుంది."

ముందు నాకు ఎక్కలేదు. రెండోసారి చదివాను. అప్పుడు ఎక్కింది. సర్వర్లో ఆ పేరే లేదు. జాబితా తీసి చూశాను. లేదు. లేని మనిషి తాళం ఎలా వేస్తాడు?

తాళం తీసేశాను. పోయింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ తెరిచాను.

"ఈ ఫైలులో ఖాదర్ బాషా రాస్తున్నారు."

మళ్ళీ తీశాను. మళ్ళీ పడింది. మూడోసారి తీయడానికి చెయ్యి రాలేదు.

బెల్టు ఆపరేటరుకి ఫోన్ చేశాను. కంటైనర్లో ఎవరైనా కూర్చున్నారా అని. "యాడన్నా, వానకి సాయంత్రం నించీ ఆడ కరెంటే లేదే. తాళమేసుండాది," అన్నాడు.

పాత కాపీల జాబితా తెరిచాను. అందులో పైన కొత్తగా ఒకటి ఉంది. ఖాదర్ బాషా. రెండూ నలభై ఆరు. తెరిచాను. ఫైలు చివర ఒకే ఒక్క అక్షరం.

రె

నేను చూస్తుండగానే ఇంకోటి చేరింది. తెరిచాను.

రెం

ఇంకోటి...

రెండో

ఒక్కో అక్షరానికీ మధ్య ఎంత ఆలస్యం అవుతోందో తెలుసా? వెతుక్కుంటున్నంత. కీబోర్డు మీద కళ్ళద్దాలు ముందుకు జరుపుకుని వెతుక్కుంటున్నంత. ఆ వేగం నాకు తెలుసు. ఆ మనిషిని విసుక్కుంటూ నేను ఏళ్ళ తరబడి చూసిన వేగం అది. ఫ్యాను కిర్రుమంటోంది. రేకుల మీద... టక్. కాసేపాగి... టక్. వాన తగ్గి చూరు నీళ్ళు పడుతున్నాయేమో. వాన తగ్గిందో లేదో కిటికీలోంచి చూసే ధైర్యం నాకు లేదు.

రెండో బెల్టు కిం

ఇక ఆగలేకపోయాను. ఫోన్ తీసి ఖాదరన్నకే కొట్టాను. పోయాడేమో... ఈ నాలుగు నెలల్లో ఏమన్నా అయిపోయాడేమో అన్న భయం. నాలుగు రింగులు. అయిదు. ఎత్తాడు.

"ఏందబ్బయ్యా ఈ టయానా? ఎవురికైనా దెబ్బ తగిలిందా?"

నిద్రగొంతు. మామూలు గొంతు. బతికే ఉన్నాడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఏం లేదన్నా... మీరేమన్నా మన షిఫ్టు నోటు తెరిచారా?"

"నా దగ్గర కంప్యూటరు యాడిది నాయనా? ఇప్పుడే లేచినా, నీ ఫోనుకే."

స్క్రీను మీద ఇంకో కాపీ చేరింది. ఇంకోటి. ఆయన నాతో మాట్లాడుతూనే ఉన్నాడు... అక్కడ అక్షరాలు పడుతూనే ఉన్నాయి. "గార్డు ఊడింది" దాకా వచ్చింది.

ఖాదరన్న గొంతు తగ్గించి అడిగాడు. పక్కన నిద్రపోతున్నవాళ్ళకి వినపడకూడదనుకుంటా. "అబ్బయ్యా... ఆ లైను ఏమన్నా కనపడిందా? నేను రాసింది? కనపడితే చెప్పు నాయనా. పని మళ్ళీ ఇమ్మని అడగను. నాకు బుర్ర చెడలేదని తెలిస్తే సాలు. మా ఇంట్లో గ్యాసు కట్టేసినానా లేదా అని కూడా ఇప్పుడు వాళ్ళనే అడగతుండా."

పూర్తిగా వచ్చేసింది. "బిగించేదాకా నడపొద్దు." చివర చుక్కతో సహా. నా కళ్ళెదురుగా... ఆయన పేరుతో, టైముతో. ఒక్క మాట చాలు. కనపడిందన్నా అంటే చాలు. పొద్దున పెద్దసారుకి చూపిస్తే చాలు.

చూపిస్తే అడుగుతారు కదా, మరి ఇన్నాళ్ళూ ఎక్కడుందయ్యా అని.

"లేదన్నా," అన్నాను. "ఏం కనపళ్ళేదు."

అంటూనే ఉన్నాను... నా కుడిచెయ్యి ఒక్కో కాపీనీ పట్టుకుని చెరిపేస్తోంది. దయ్యం చేయించిందని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. కాదు. నేనే చేశాను.

"సరేలే నాయనా, పండుకుంటా," అని పెట్టేశాడు.

ఆఖరి కాపీ పోగానే తాళం దానంతటదే ఊడిపోయింది. ఫైలు మామూలుగా తెరుచుకుంది. మళ్ళీ ఎప్పుడూ అలా జరగలేదు.

సర్వర్లు తెలిసిన ఒకతన్ని మాట వరసకి అడిగాను. పాత కంప్యూటర్లో ఎక్కడో ఇరుక్కుపోయిన రాత ఒక్కోసారి ఆలస్యంగా ఎక్కుతుందన్నాడు. కరెంటు లేని కంప్యూటర్లోంచా? లేని పేరుతోనా? అదీ ఒక్కో అక్షరంగానా? ఆ కాపీలు ఒకసారి చూపించు, చూసి చెప్తా అన్నాడు. ఏం చూపించను...

అది మిషనుదో, దేవుడిదో, నా తలకాయలోదో నాకు తెలీదు. ఖాదరన్న మాత్రం కావలిలో తనకి మతి తప్పిందనే నమ్ముకుని బతుకుతున్నాడు. ఆయన నంబరు ఈ ఫోన్లోనే ఉంది. ఇంతమందికి చెప్పాను గానీ, ఆ ఒక్కాయనకే ఇంకా చెప్పలేదు.