అంజినప్ప మామ ఉప్పుకాగితం

అంజినప్ప మామ ఏ వస్తువునూ ఉన్నది ఉన్నట్టు వదలలేడు. చేతికి దొరికిందాన్ని ఇంకాస్త బాగు చేయాల్సిందే. మా అనంతపురం షూటింగ్ క్లబ్బులో ఒక కుర్చీ ఊగుతోందని కాళ్లు సమం చేయబోయి, ఒకటి తగ్గించి, ఇంకొకటి తగ్గించి, చివరికి దాన్ని పీట చేసి పెట్టాడు. సెక్రటరీ కుళ్లాయప్ప సారు ఇప్పుడు దానిమీదే కూర్చుని సంతకాలు పెడతాడు. ఇంట్లో మామ భార్య తిప్పమ్మ చెక్క గరిటెలను బియ్యం డబ్బాలో దాచుకుంటుంది.

ఎనిమిదో తరగతితో బడి మానేసిన నేను ఆ క్లబ్బులో ఊడ్చి, టార్గెట్ కాగితాలు మారుస్తాను. మూలన కూర్చుంటే అన్నీ కనబడతాయి.

క్లబ్బుకు ఉన్నది ఒకే ఒక్క పాయింట్ టూ టూ పిస్తోలు. ట్రిగ్గర్ మొండిది, పిడి ప్లాస్టిక్‌ది. పామిడి అమ్మాయి జాయ్ రాష్ట్ర పోటీకి ఎంపికైందని సారు కొత్త ట్రిగ్గర్, నల్ల చెక్క పిడి తెప్పించాడు. బిగించే పని మామది. పోలీసు తుపాకులు మరమ్మతు చేసి రిటైరైన మనిషి. పోటీకి పన్నెండు రోజులే గడువు.

మామ సంబరం చూడాలి. చపాతీ పిండి ముద్దలో జాయ్ చేతి అచ్చు తీసి పిడి చెక్కాడు. పోటీకి ముందు ట్రిగ్గర్‌కు కిలో బరువు తగిలిస్తారు; ఆ బరువుకే ట్రిగ్గర్ టక్కుమని పడితే పిస్తోలు పోటీకి పనికిరాదు. మామ కిలో ఉప్పు ప్యాకెట్ కట్టి ఎత్తాడు. ట్రిగ్గర్ కదల్లేదు.

మూడో రోజు జాయ్ చెయ్యి చాచింది. “అయిపోయిందా మామా?”

“ఇంగొక పిసరు ఉండాది.”

నాలుగో రోజూ పిసరే. ఆరో రోజూ పిసరే. బల్ల కింద చేతులు పెట్టి ఉప్పుకాగితంతో సర్రు సర్రుమని ఒకటే రుద్దుడు. జాయ్ అటూ ఇటూ నడిచి నడిచి రేంజి ఎర్రమట్టిలో బాట వేసింది. సారు పీట మీంచి లేచాడు. “ఏమప్పా, పోటీ నీకా, ఆ పిల్లకా?” మామ ఇంకో ఉప్పుకాగితం ముక్క చింపాడు.

ఎనిమిదో రోజు జాయ్ నా పక్కన కూలబడింది. “ఈయప్ప పిచ్చికి నా పోటీ పోతాదేమో.”

ఆ సాయంత్రం ఊడుస్తుంటే, బల్ల కింద పొడి తెల్లగా కనిపించింది. పిడి నల్లది కదా అని వంగి చూశాను. మామ రుద్దుతున్నది ఏదో వేపచెక్క ముక్క. పిస్తోలు పెట్టెలో భద్రంగా ఉంది. ఇదేమిటని అడిగాను.

“మెల్లగా మాట్లాడు పాపా. దాని చూపుడువేలు చూసినావా?”

చూశాను. పిస్తోలు మామ చేతికి రాకముందు ఆ పాత మొండి ట్రిగ్గర్‌ను గుండ్లు లేకుండా రోజంతా నొక్కి నొక్కి కణుపు వాచింది. జాయ్ దాన్ని చున్నీలో దాచుకుంటోంది. సారుకు తెలిస్తే పేరు కొట్టేసి వేరేవాళ్లను పంపుతాడు. విశ్రాంతి తీసుకోమంటే ఆ పిల్ల వినదు.

“పని మూడో దినమే అయిపోయినాది. చేతికిస్తే ఊరికే ఉంటాదా? నా పిచ్చి అందరికీ తెలిసిందే. ఎవురికీ అనుమానం రాదులే” అన్నాడు మామ.

పదో రోజుకు వాపు దిగింది. పిస్తోలు జాయ్ చేతికొచ్చింది. మొదటి అయిదు గుండ్లూ నల్ల వలయంలోనే పడ్డాయి. “ఇన్ని దినాలు రుద్దినందుకు బలే కుదిరింది మామా” అంది.

మామ గర్వంగా తలూపాడు. ఉత్తుత్తి రుద్దుడుకు చేతులు నొప్పి పుట్టలేదా అని నేను గుసగుసగా అడిగాను.

“రుద్దేది ఏం కష్టం పాపా? ఆ పిడి వెనకాల సన్నగా ఒక గీత ఉండాది, రుద్దితే దాని చేతి కొలత చెడతాది. ఏడు దినాలు దాన్ని ముట్టకుండా కూసున్నా చూడు, దాంతోనే పానం పోయినాది.”