మాఫీ మాఫీ ఉయ్యాలో

సౌదీలో హాయిల్ దగ్గర నేను లెక్కలు రాసే తోట ఒక వాదీలో ఉంది. వాదీ అంటే నది పారే లోయ. నది మాత్రం నేను చూడలేదు. గోధుమలు, గుమ్మడికాయలు బోరు నీళ్లతో పండుతాయి. కూలీలు ఎక్కువమంది జగిత్యాల వైపు వాళ్లు.

ఏటా సద్దుల నాడు పంపుహౌస్ వెనక వీళ్లు బతుకమ్మ పేరుస్తారు. టీ ట్రేలో గుమ్మడిపూలు, పైన పశువుల గడ్డికి పూసిన ఊదాపూలు. ఆడవాళ్లు లేరు కాబట్టి మగవాళ్లే చప్పట్లు కొడతారు. పాట వచ్చింది అందరూ కాకా అని పిలిచే పెద్దాయన ఒక్కడికే. చిన్నప్పుడు అక్కల వెంట తిరిగి నేర్చుకున్నాడు. మిగతావాళ్లు 'ఉయ్యాలో' అంటారు.

ఆ కాకాకు ఫైనల్ ఎగ్జిట్ వచ్చింది, అంటే ఇక తిరిగి రాకుండా ఇంటికే. ఆయన పోతే పాట కూడా పోతుంది. అందుకని కొత్తగా వచ్చిన ట్రాక్టర్ డ్రైవర్‌కు నేర్పమన్నారు. అతనికి రాగం ఉందని కాదు, గొంతు పెద్దదని.

నడుమ ఒక చరణం కాకా ఎప్పుడో మరిచిపోయాడు. ఆ చోట ఏటా 'మాఫీ మాఫీ ఉయ్యాలో' అని దాటేసేవాడు. మాఫీ అంటే అరబ్బీలో 'లేదు' అని. డ్రైవర్ అదీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. ఒకప్పుడు పత్రికలో ప్రూఫులు దిద్దిన అలవాటు కొద్దీ నేను అతన్ని అర్థం అడిగాను.

"రుణమాఫీ గద సార్. అమ్మను అడుగుతున్నం."

కాకా చాయ్ తాగుతూ ఉండిపోయాడు. నేనూ దిద్దలేదు.

సద్దుల నాటికి కాకా వెళ్లిపోయాడు. డ్రైవర్‌కు అరబ్బీ వచ్చింది; మాఫీ అంటే ఏమిటో తెలిసింది. బతుకమ్మ పేర్చి, కాకాకు వీడియో కాల్ చేశారు. ఆయన అసలు చరణం పాడి వినిపించాడు.

"మా ఇంటామె యాదికి జేసింది. పాట దిద్దుకోండ్రి."

అందరూ డ్రైవర్ వైపు చూశారు.

"గది మీ ఊరి పాట కాకా. ఈడ గిట్లనే పాడుతం."

పాడాడు. మాఫీ దగ్గర గొంతులన్నీ కలిశాయి. ఫోన్‌లో కాకా కూడా ఉయ్యాలో అన్నాడు. తర్వాత బతుకమ్మను నీళ్ల తొట్టిలో వదిలారు.

తెల్లారి డ్రిప్పు ఫిల్టర్ నిండా గుమ్మడి రేకులు. ఈజిప్టు ఫోర్‌మన్ అందరినీ నిలబెట్టి, ఇక్కడ పూలు వేసినవాడు ఎవడైనా ఉన్నాడా అని అడిగాడు.

"మాఫీ," అన్నాడు డ్రైవర్. మిగతావాళ్లు కూడా అలవాటు ప్రకారం వెనకనుంచి అందుకున్నారు.