వెలగని మందుకి పడిన నీడ

దెయ్యాల కథ కావాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకు ఎనభై దాటాయి. దెయ్యాన్ని నమ్మింది లేదు, నమ్మేవాళ్ళతో పోట్లాడకుండా ఊరుకున్నదీ లేదు. బడి చదువు మూడో తరగతితో సరి. ఫొటోగ్రఫీ మాత్రం ఇంగ్లీషు పుస్తకం ముందేసుకుని, పక్కన నిఘంటువు పెట్టుకుని, మాట మాటా కూడబలుక్కుని నేర్చుకున్నాను. అందుకే "తెలీక ఏదో పొరపాటు చేసుంటావులే" అంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యుద్ధం రోజులు. నౌపడలో ఒక వర్తకుల ఇంట పెళ్ళికి శ్రీకాకుళం నుంచి నన్ను పిలిచారు. పగటి ముహూర్తమే. కానీ నాలుగు రోజులుగా ముసురు, కిరసనాయిలు కరువు. అప్పగింతల వేళకి సావిడంతా చీకటి. పీటల ముందు ఒక్క కుంది దీపం.

పెళ్ళికూతురి తల్లి నరసమ్మగారికి భర్త పోయారు. విధవరాలు శుభకార్యంలో ఎదురుపడకూడదట! కన్నతల్లిని సావిడికి ఎడం పక్క గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టారు. ఆ పెట్టిన చేతుల్ని తలుచుకుంటే నాకు ఈనాటికీ కోపమే. పొద్దున ఆవిడ నన్ను పిలిచి ఒక్కటే అడిగారు.

"పిల్లని బరంపురం అవతలికి ఇచ్చేత్తన్నాం బాబూ. అప్పగింతలప్పుడు దాని మొకం ఎలాగున్నాదో నాకు ఒక్కపాలి సూపించు. మరేటీ అడగను."

ఫిల్ము చుట్టలు దొరికే రోజులు కావవి. నా దగ్గర రెండే గాజు ప్లేట్లున్నాయి. ఒకటి నిదానం రకం, ఎండకే పనికొస్తుంది. వాన తెరిపిచ్చినప్పుడు దాన్ని వాకిట్లో గుంపు ఫొటోకి వాడేశాను. రెండోది వేగం రకం, మసక వెలుతురుకి మంచిది. అది అప్పగింతలకని దాచాను. పది అడుగుల దూరం, లెన్సు కన్ను ఎనిమిదో నంబరు మీద, రేకు పళ్ళెంలో ముట్టిస్తే భగ్గున వెలుగిచ్చే మెగ్నీషియం మందు చెంచాడు. లెక్క సరిగ్గానే కట్టాను.

తప్పు వేరేచోట చేశాను. మందు డబ్బాకి మూత పెట్టకుండా కిటికీలో వదిలేశాను. చుట్టూ ఉప్పుమళ్ళున్న ఊరు. ఆ గాలికి గిన్నెలో ఉప్పే నీరైపోతుంది, మందు చెమ్మగిల్లదా?

తల్లికి బదులు పినతల్లే పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుని అత్తగారి చేతిలో పెట్టింది. నేను లెన్సు మూత తీసి, కుడిచేత్తో పళ్ళెం ఎత్తి మందు ముట్టించాను. తుస్సుమంది. కాస్త పొగ, అంతే. మూడు లెక్కపెట్టి మూత పెట్టేశాను.

పెళ్ళికూతురి మేనమామ అందుకున్నాడు. "ఏటయ్యా, నీ మందు కన్నా మా తడిసిపోయిన మతాబాలే నయం!"

అందరూ నవ్వారు.

మామూలుగా అయితే ఆ ప్లేటు పారేసేవాణ్ణే. నరసమ్మగారి మాట చెవిలో ఉండి, చీకటి గదిలో కడిగి బొమ్మ తేల్చాను.

సావిడంతా మిట్టమధ్యాహ్నంలా పడింది! పిల్ల బుగ్గ మీద కన్నీటి చార కూడా కనిపిస్తోంది. మందు భగ్గుమంటే సగంమంది కళ్ళు మూసుకుంటారు. ఇందులో ఒక్కరూ రెప్ప వెయ్యలేదు. తరవాత అక్కడున్నవాళ్ళందర్నీ అడిగాను, ఏ వెలుగూ చూళ్ళేదన్నారు.

అసలు సంగతి నీడలది. నేను కుడివైపు నుంచి మందెత్తాను, వెలిగుంటే నీడలు ఎడమకి పడాలి. పడినవి కుడి గోడ మీద. అంటే వెలుగు ఎడం నుంచి, మూసిన తలుపు వైపు నుంచి వచ్చిందన్నమాట.

ఈ సంగతి విన్నవాళ్ళు ప్లేటు తిరగేసి అచ్చేశావన్నారు. పిల్ల ముక్కుపుడక ఉండాల్సిన వైపే ఉంది కదయ్యా! ఒకే ప్లేటు మీద రెండు బొమ్మలు తీశావన్నారు. వెలుగే లేని చోట రెండు కాదు, పది తీసినా ఏం పడుతుంది? పోనీ, దీపం వెలుగన్నారు. ఆ ప్లేటు రకమే మళ్ళీ సంపాదించి, అదే కుంది ముందు మూడు లెక్కపెట్టి తీశాను. వత్తి తప్ప ఏమీ రాలేదు.

ఫొటో నేనే పట్టుకెళ్ళి నరసమ్మగారికిచ్చాను. చాలాసేపు చూసి, కూతురి బుగ్గ మీద వేలు పెట్టారు. గదిలో దీపమేమైనా పెట్టుకున్నారా అని అడిగాను.

"నూనెక్కడిది బాబూ? సీకట్లో కూకుని తలుపుకేసే సూసేను," అన్నారు. "ఇలాగే అవుపించింది."

అది సందులేని టేకు తలుపు. నేను వెళ్ళి చెయ్యి పెట్టి తడిమి మరీ చూశాను. మందు లెక్క, ప్లేటు లెక్క ఎవరడిగినా చెబుతాను. ఆ వెలుగు లెక్క మాత్రం నాకు ఇప్పటికీ రాలేదు.