మూడు చొక్కాలకూ మాసికే

కొత్త బట్టను పాతబట్ట చేయడం కూడా ఒక ఉద్యోగమేనా అని నవ్వకండి. పాతక్క పందొమ్మిదేళ్ళు చేసింది ఆ పనే. సినిమా స్టూడియో వెనక, కాస్ట్యూమ్స్ గదిలో కూర్చుని, టీ డికాషన్‌లో ముంచి, గరుకు కాగితంతో రుద్ది, నిన్న కొన్న చొక్కాకు పదేళ్ళ వయసు తెప్పించేది. ఆ పేరు అలా వచ్చిందే. ఇప్పుడు అసలు పేరుతో పిలిస్తే తనే వెనక్కి తిరిగి చూడదు.

పని ఎంత బాగా వచ్చో, అందులో ఒక్క విషయమంటే అంత ఒళ్ళుమంట. తెర మీద పేదవాడు కనిపించాలంటే చొక్కా చిరిగి వేలాడాలి. ఆమె పుట్టి పెరిగింది ఇళ్ళల్లో పనిచేసుకునేవాళ్ళ వీధిలో. అక్కడ చిరుగుబట్టతో బడికెళ్ళిన పిల్ల ఒక్కత్తీ లేదు. చీపురు పక్కన పెట్టగానే అమ్మలు సూది పట్టుకునేవారు. అయినా సినిమా చూసొచ్చిన పిల్లలు బడిలో "ఆ చింపిరి బట్టలవాళ్ళు మీ వీధివాళ్ళే కదే?" అని ఏడిపించేవారు. పక్కనే శుభ్రంగా కూర్చున్న పిల్లను వదిలేసి తెరను నమ్మారు, వెధవలు.

ఈసారి సినిమాలో కథంతా ఒక పనిమనిషిదీ, ఆమె కొడుకుదీ. పిల్లాడికి తెర మీద ఉన్నది ఒకటే బడి చొక్కా. గదిలో మాత్రం అలాంటివి మూడుంటాయి, ఒకటి తడిస్తే ఇంకొకటి తొడగాలి కదా. కాస్ట్యూమ్స్ మాస్టారు మూడింటినీ ఆమె ముందు పడేసి, "భుజం దగ్గర బాగా చించక్కా, చూసినవాళ్ళు అయ్యో అనాలి" అన్నాడు.

పాతక్క మూడూ చించింది. చించి, మూడింటికీ మాసిక వేసింది. చొక్కా లోపలి అంచు నుంచి తీసిన గుడ్డముక్క, రంగు కలిసీ కలవని దారం, దగ్గరదగ్గరగా సన్నటి కుట్టు. ఉద్యోగం పోవచ్చని తెలుసు. పోతే పోనీ, ఈ పిల్లాణ్ణి మాత్రం చిరుగుతో పంపనని గట్టిగా అనుకుంది.

మర్నాడు సెట్లో చొక్కాలు చూసి మాస్టారి మొహం కందగడ్డ అయింది. "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?"

"చిరిగింది మాస్టారూ. వాళ్ళమ్మ కుట్టింది."

"ఏ అమ్మ?"

"మీ సినిమాలో అమ్మే. రోజుకి ఐదిళ్ళు తుడిచే మనిషి, కొడుకుని అలా పంపుద్దా? మా వీధిలో అయితే నలుగురూ మొహం మీదే కడిగేస్తారు."

ఇంతలో డైరెక్టరు వచ్చి చొక్కాను అటూ ఇటూ తిప్పాడు. "కుట్టు బాగానే ఉందమ్మా. పేదరికం ఎక్కడ కనపడుతోంది?"

"అతుకులో ఉంది సార్. కెమెరాతో కాస్త దగ్గరికెళ్ళి తీయండి."

నోట్లో నాలుక లేదని పేరున్న మనిషి ఇలా మాట్లాడేసరికి సెట్టంతా నోరెళ్ళబెట్టింది. మాస్టారు కత్తెర చేతికివ్వబోతే ఆమె చేతులు కట్టుకుంది. "నేను విప్పను. విప్పాలంటే మీరే విప్పుకోండి."

మాస్టారే విప్పడానికి కూర్చున్నాడు. ఆ కుట్టు ఊడితేగా! అరగంటకి నాలుగు పోగులు తెగాయి. అవతల ఎండ దిగిపోతోంది. డైరెక్టరుకు తల ప్రాణం తోకకొచ్చి, "ఏదో ఒకటి, అదే తొడగండి" అని అరిచాడు.

తర్వాతి సినిమాకు మాస్టారు ఆమెను పిలవలేదు. ఇప్పుడు వీధి చివర మిషను పెట్టుకుని కూర్చుంటోంది. బాధ లేదా అంటే ఉంది. చేసింది తప్పా అని అడిగితే మాత్రం కొట్టేట్టు చూస్తుంది.

సినిమా విడుదలయ్యాక అమ్మను బతిమాలి తీసుకెళ్ళింది. చొక్కా సంగతి చెప్పలేదు. హాల్లో అమ్మ మొదట్నుంచీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎప్పుడెప్పుడు లేద్దామా అన్నట్టు కూర్చుంది. తెర మీద పిల్లాడు బడి గేటు దగ్గర ఇటు తిరిగాడు. భుజం మీది మాసిక కుట్టుతో సహా కనపడింది.

అమ్మ ముందుకు వంగింది. కాసేపు చూసి, కూతురి మోచెయ్యి పట్టుకుని గట్టిగానే అంది.

"ఇన్నాళ్ళకి మనలాంటి పిల్లాడికి తల్లిని పెట్టారే!"